సాక్షి పురుగులు

ఆరుద్ర కార్తె, మొదటి వారం

ఈ రోజు కూడా ఒక్క పురుగూ చావలేదు.

పెద్ద తోటల నుంచి ఊరి గేటుకు వచ్చిన బళ్ళన్నీ పాసయ్యాయి. బెండ, దొండ, వంగ, ఆనప, అరటి, అన్నీ. ప్రతి బండిలోంచీ ఒక ముక్క కోసి గాజు గిన్నెలో వేసి, దాని మీద మూడు పచ్చపురుగులను వదిలి, మూత పెట్టి కూర్చోవడం నా పని. పొద్దున్న వదిలితే మధ్యాహ్నంలోపు తేలిపోతుంది, చచ్చేవైతే ఒక్కోసారి నిమిషాల్లోనే. పురుగు చస్తే ఆ కాయల్లో పురుగుమందు ఉన్నట్టు, బండి మొత్తం గోతిలోకి పోతుంది. పురుగు బతికితే బండికి పచ్చముద్ర పడుతుంది. పచ్చముద్ర లేనిది మా మెట్టవాడలో ఎవరూ కొనరు, వండరు. కాగితాల మీద నన్ను సాక్షికాపరి అంటారు. ఎదురుపడితే మాత్రం పురుగుల తాతబ్బాయి అనే పిలుస్తారు.

ఇదివరకు యంత్రాలు ఉండేవట. కాయకు ఆనిస్తే మందు ఎంత ఉందో అంకె చూపించేవట. ఆ అంకెల్ని ఎవరికి కావలసినట్టు వాళ్ళు తిప్పుకోవడం మొదలుపెట్టాక జనం వాటిని తీసుకెళ్ళి కాలవలో పారేసి పురుగుల్ని నమ్ముకున్నారు. పురుగుకు లంచం పెట్టడం కష్టం కదా.

బతికిన పురుగుల్ని సాయంత్రం తల్లిపెట్టెలో వేశాను. నిజం చెప్పిన పురుగును చంపకూడదని మా ఊరి ఆచారం. అవి ఆ పెట్టెలోనే గూళ్ళు కట్టుకుని, రెక్కలొచ్చి, గుడ్లు పెట్టి పోతాయి. ఆ గుడ్లలోంచి వచ్చినవే మళ్ళీ సాక్షులు. పెట్టెకు శుక్రవారం పసుపు రాస్తాం, హారతి కూడా ఇస్తాం.

ఇంటికొచ్చి గంజి కాచుకున్నాను. గిన్నె వేడి తెలియడానికి అంటించిన పట్టీ ఎర్రబడిందో లేదో చూడకుండా ఉత్తచేతుల్తో దింపాను. చర్మం కాలిన వాసన వచ్చాక అది నా చెయ్యేనని తెలిసింది. కలబంద రాసుకుని గంజి తాగాను.

నొప్పి లేదు. మా ఊళ్ళో పెద్దవాళ్ళెవరికీ ఉండదు. తిమ్మిరి అంటాం. మా నాన్నకు యాభై దాటాక వచ్చింది, నాకు ముప్పై నిండకుండానే వచ్చింది, ఇప్పుడు బడికి వెళ్ళే పిల్లలకు కూడా వస్తోంది. వయసు అనుకుంటాం. వయసు కాదని తేలితే నీళ్ళు అనుకుంటాం. తిండి అని మాత్రం ఎవరూ అనుకోరు, తిండికి సాక్షి ఉంది మరి.

ఆరుద్ర కార్తె, రెండో వారం

సెలవు పెట్టి చెల్లెలు సత్యవేణి ఇంటికి వెళ్ళాను. బావ ఉప్పు పడవల మీద వెళ్ళాడు, దీపావళికి గానీ రాడు. గుమ్మంలోనే సత్యవేణి పాపను ఎత్తుకుని ఎదురొచ్చింది. దాని ముఖం వెలిగిపోతోంది.

“అన్నయ్యా, ఏడ్చిందిరా! పొద్దున్న చీమ కుట్టింది. ఎంత గట్టిగా ఏడ్చిందనుకున్నావ్!”

మేనకోడలు హిమజ కాలు మీద ఎర్రగా చిన్న దద్దురు ఉంది. మా చెల్లెలు ఆ దద్దురును పతకంలా చూపించింది. సంతోషించాలని తెలుసు కాబట్టి, సంతోషంగా ఉందని చెప్పాను.

“పాలు తాగినన్నాళ్ళూ అందరు పిల్లలూ బానే ఏడుస్తారు. అన్నం మొదలెట్టాకే ఒక్కొక్కరూ ఏడుపు మానేస్తన్నారు. నాకు భయంగా ఉంది,” అంది.

లోపల్నుంచి వాళ్ళ అత్తగారు అచ్చియ్యమ్మ గారు విన్నారు. “నీ భయాలు నువ్వూనూ. ఐదో నెల రాగానే అన్నప్రాశన చేసేద్దాం. ఏవయ్యా తాతబ్బాయ్, మేనమామవి, మొదటి ముద్ద నువ్వే పెట్టాలి. మంచి పచ్చముద్ర సరుకు ఏరి తెచ్చుకో.”

“అలాగేనండి అత్తయ్యగారూ,” అన్నాను.

పాప నా వేలు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో నాకు తెలియదు. చూస్తే దాని పిడికిలి తెల్లబడి ఉంది, అంటే గట్టిగానే పట్టుకుని ఉంటుంది.

పునర్వసు కార్తె

రాళ్ళమిట్ట అవతల నుంచి బుల్లెమ్మ అనే ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. సొంత చేను, సొంత ఎరువు, మందు అన్నది కొట్టనే లేదంది. గంపలో ముళ్ళ వంకాయలు, పైన ఒక చక్కెరకేళి అత్తం ఉన్నాయి. అరటిపళ్ళ మీద మచ్చలు, వంకాయలకు బొక్కలు. పెద్ద తోటల వంకాయలు అద్దంలా మెరుస్తాయి. ఇవి ఎవరో వాడి పారేసినట్టున్నాయి.

మధ్యాహ్నానికి ఆ రెండు గిన్నెల్లోనూ పురుగులు చచ్చిపోయాయి. చాలాకాలం తరవాత చావు చూశాను. వరసలో నిలబడ్డవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. కోపం కంటే ఎక్కువగా సంబరపడ్డారు. సాక్షి ఇంకా పనిచేస్తోందని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. గేటు సూపర్వైజరు రత్నం గారు నా భుజం తట్టారు.

“నేనేం కొట్టలేదండి బాబూ. నా మనవలు తింటన్నారండి ఇయ్యే,” అంది బుల్లెమ్మ.

“పురుగు చెప్పింది కదమ్మా,” అన్నాను.

గంపను గోతిలో బోర్లించాను. ఆవిడ ఏడవలేదు. గంప మాత్రం వెనక్కి అడిగి తీసుకుని, దులుపుకుని వెళ్ళిపోయింది.

పుష్యమి కార్తె

బుల్లెమ్మ మళ్ళీ వచ్చింది. పురుగులు మళ్ళీ చచ్చాయి.

ఈసారి ఆవిడ గేటు దాటి వెళ్ళలేదు. నా బల్ల ముందు చతికిలబడి, తను తెచ్చిన వంకాయనొకదాన్ని రెండు చేతులా విరిచింది. లోపల పురుగు ఉంది. బతికే ఉంది. దర్జాగా మెదులుతోంది.

“మీ పురుగు చచ్చిందన్నారు. మరి ఇదేటండి, ఇందులోనే పుట్టి ఇందులోనే తింటంది? దీనికేటి కాలేదేం?”

వరసలో వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి, గంపను మామూలుగా బోర్లించి, ఆ విరిచిన వంకాయను మాత్రం ఎందుకో బల్ల కింద దాచాను.

అందరూ భోజనాలకు వెళ్ళాక ఆవిడ వంకాయలోని పురుగును తీసి పెద్ద తోట వంకాయ ముక్క మీద పెట్టాను. టీ పోసుకుని వచ్చేసరికి అది చుట్ట చుట్టుకుని చచ్చిపడి ఉంది. ఆవిడ వంకాయ మీద మన సాక్షుల్ని మళ్ళీ వదిలాను. అవి ముందు దిక్కు తోచనట్టు తిరిగాయి, కొరికి వదిలేశాయి, ఒక పక్కకు పడి వణికాయి, ఆ తరవాత కదల్లేదు. అదే పెట్టెలోంచి తీసిన తోబుట్టువులు పెద్ద తోట ముక్క మీద హాయిగా మేస్తున్నాయి.

ఆ గిన్నెల ముందు కూర్చుని లెక్క కట్టాను. విషయం పెద్ద చిక్కుదేమీ కాదు. మొదట్లో మందు ఉన్న కాయ మీద పురుగులు చచ్చేవి, కాస్త మొండివి మిగిలేవి. మిగిలినవాటిని దండం పెట్టి పెట్టెలో వేశాం. వాటి పిల్లల్లో ఇంకాస్త మొండివి మిగిలాయి. వాటికీ దండం పెట్టాం. మా తాతల నాటి నుంచి ఇదే వరస. ఇప్పుడు ఈ పురుగులకు మందే ఆహారం. అది లేకపోతే, కల్లు మానిపించిన తాగుబోతులా వణికి చస్తున్నాయి. మందు ఉన్న ప్రతి బండికీ పచ్చముద్ర వేస్తున్నాను. మందు లేని గంపను రెండుసార్లు గోతిలో పోశాను.

భయం వేయాల్సింది. వేయలేదు. నోరు ఎండిందేమో అనుకుని నీళ్ళు తాగాను. మిగిలిన బళ్ళకు ముద్రలు వేసి ఇంటికి వచ్చాను. వేయకుండా ఉండాలన్న ఆలోచన దారిలో గానీ రాలేదు.

ఆశ్లేష కార్తె

రత్నం గారికి చెప్పాను. గిన్నెలు చూపించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

“ఈ రెండో పురుగు ఎక్కడిది?”

“ఆవిడ వంకాయలోదండి.”

“అయితే అది సాక్షి కాదు కదయ్యా. పెట్టెలో పుట్టలేదు. బయటి పురుగు ఏ చెట్టు మీద ఏం తిందో ఎవడికి తెలుసు?”

“అదేనండి నేను చెప్పేది. పెట్టెలో పుట్టినవే పాడైపోయాయండి.”

ఆయన చెప్పు విప్పి పాదం పైకెత్తి చూపించారు. మడమ దగ్గర గాజుపెంకు దిగబడి ఉంది. చుట్టూ చర్మం నల్లబడింది. “ఇది ఎప్పుడు గుచ్చుకుందో నాకు తెలీదు. మా ఆవిడ చూసి చెప్పింది. నేనూ ఈ ఊళ్ళోనే తింటన్నానయ్యా తాతబ్బాయ్. సరే, నువ్వన్నదే నిజవనుకో. రేపు పొద్దున్న గేటు మూసేస్తాను. ఊరంతా ఏం తింటారు? ఆ బుల్లెమ్మ గంపెడు వంకాయలా?”

ఆయన చెప్పు తొడుక్కున్నారు. నా మీద ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది.

సాయంత్రం బుల్లెమ్మ గంప మళ్ళీ గోతికి వచ్చింది. ఈసారి బోర్లించే ముందు సంచీ నిండా తీసుకున్నాను. ఇంటికి తెచ్చి కూర వండుకుని తిన్నాను. వగరుగా ఉందో, కమ్మగా ఉందో చెప్పలేను. నాలుకకు కూడా తిమ్మిరి వచ్చి చాలా ఏళ్ళయింది.

మఖ కార్తె

బుల్లెమ్మకు విషయం చెప్పేశాను. ఇప్పుడు ఆవిడ గేటుకు రావడం లేదు. నేనే సాయంత్రం రాళ్ళమిట్ట దాకా నడిచి తెచ్చుకుంటున్నాను. మొదటిసారి వెళ్ళినప్పుడు క్షమించమని అడిగాను. “మీరేం చేత్తారండి, పురుగుల్ని నమ్మేరు,” అని కాకరకాయలు కూడా వేసింది. నా ముఖాన కొట్టినా బాగుండేది, దెబ్బ ఎలాగూ తెలియదు.

ముద్రలు మాత్రం రోజూ వేస్తూనే ఉన్నాను. అది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇవాళ వంకాయ ముచ్చిక కోస్తుంటే చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చింది. కత్తి కింద పడింది. ఏమైందో అర్థం కాక బొటనవేలు చూసుకున్నాను. ముచ్చిక ముల్లు ఒకటి గుచ్చుకుని నిలబడి ఉంది. దాన్ని తీసి, అక్కడే మళ్ళీ గుచ్చుకున్నాను. మళ్ళీ తెలిసింది. ఆనందంతో ఎగరలేదు గానీ వంటింట్లో నేల మీద కూర్చుని ముల్లుతో ఆడుకుంటూ కూర్చున్నాను. పొయ్యి మీద కూర మాడిపోయింది.

పుబ్బ కార్తె

సత్యవేణి ఇంట్లో గొడవగా ఉంది. హిమజకు అప్పుడే పన్ను మొలిచింది, అదీ పై పన్ను. పై పన్ను ముందు వస్తే మేనమామకు గండమని అచ్చియ్యమ్మ గారు కంచు గిన్నెలో నూనె పోసి సిద్ధంగా కూర్చున్నారు. నూనెలో పాప నీడ నాకు చూపించి, ఆ తరవాతే పాపను చేతికిచ్చారు.

“ఇహ నీకేం భయం లేదు,” అన్నారు.

ఆవిడ పూజగదిలోకి వెళ్ళాక సత్యవేణికి అంతా చెప్పాను. నేను ముగించాక జాకెట్టు పిన్నీసు తీసింది.

“కళ్ళు మూసుకో. ఏ వేలో చెప్పు.”

మూసుకున్నాను. కుడి బొటనవేలు అన్నాను. చూపుడువేలు అన్నాను. తరవాత ఏమీ తెలియలేదు. కళ్ళు తెరిచి చూస్తే మిగతా వేళ్ళన్నిటి మీదా ఒక్కొక్క రక్తపు చుక్క ఉంది. రెండు వేళ్ళే తిరిగొచ్చాయి. సత్యవేణి అదే పిన్నీసు తన వేళ్ళకు గుచ్చుకుంది. చివరి వేలు దాకా వెళ్ళి, అప్పుడు ఏడ్చింది. నొప్పి తెలియలేదని ఏడ్చింది.

“రేపట్నుంచి నాకూ తెచ్చిపెట్టు. దానికి నా పాలే కదా. అన్నప్రాశనకి కూడా ఆవిడ పళ్ళే పెట్టాలి. ఇంకోటి పెడితే నేను ఊరుకోను.”

“పళ్ళెం మీద సాక్షిని పెడతారు. అందరి ముందూ చస్తుంది.”

“చావనీ,” అంది.

ఉత్తర కార్తె

అన్నప్రాశన రోజు పళ్ళెంలో పెట్టిన పండు మీద సాక్షిని వదిలి చూపించాలి. గేటు నుంచి రత్నం గారే స్వయంగా తెస్తారు. కానీ పెట్టెలోంచి పురుగును ఏరి డబ్బీలో పెట్టి ఇచ్చేది నేనే.

బుల్లెమ్మ చేలోంచి తెచ్చిన పురుగు నా దగ్గర ఒకటి ఉంది. పెట్టె పురుగూ ఇదీ రెండూ పచ్చనివే, రెండూ ఒక్కలాగే ఉంటాయి. డబ్బీలో ఆ పురుగును పెడితే చక్కెరకేళి మీద అది బతుకుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. పాప బుల్లెమ్మ పండు తింటుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు.

రెండు రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను. ఒకసారి డబ్బీలో పెట్టాను కూడా. పెట్టి, మళ్ళీ తీసేశాను. పాప ఒక్క పూట తింటే సరిపోదు. రేపు వాళ్ళ నానమ్మ పచ్చముద్ర పండే పెడుతుంది. పురుగు తమ ఇంట్లోనే అందరి ముందూ బతికింది కాబట్టి ఇంకా నమ్మకంగా పెడుతుంది. ఈ పురుగుల మాట ఇంకొక్కసారి నెగ్గడానికి నేను సాయం చేయలేను.

డబ్బీలో పెట్టె పురుగునే పెట్టాను. మూత పెట్టి, సరిగ్గా పడిందా అని మూడుసార్లు చూసుకున్నాను. అది భయమే అయి ఉండాలి. అలవాటు తప్పి గుర్తుపట్టలేకపోతున్నాను.

హస్త కార్తె

ఇవాళ అన్నప్రాశన అయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వీధివాళ్ళందరూ వచ్చారు. హాల్లో పీట వేసి, సత్యవేణి పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఎదురుగా నేను. మధ్యలో వెండి పళ్ళెం, అందులో బుల్లెమ్మ ఇచ్చిన బియ్యంతో వండి, పాలు పోసి మెత్తగా మెదిపిన అన్నం, చక్కెరకేళి పండు. పండు మీద మచ్చలు చూసి ఎవరో గొణిగారు. రత్నం గారు డబ్బీ తెరిచి సాక్షిని పండు ముక్క మీద వదిలారు. పురోహితుడు మంత్రాలు ఎత్తుకున్నాడు.

మంత్రాలు సగంలో ఉండగానే పురుగు వణికింది. పక్కకు ఒరిగింది. పురోహితుడు కూడా ఆగిపోయాడు.

“అయ్యో, అయ్యో! తియ్యండి పళ్ళెం,” అని అచ్చియ్యమ్మ గారు లేచారు. “ఎక్కణ్ణుంచి తెచ్చేవయ్యా ఈ పండు? మేనమామవేనా నువ్వు?”

“రాళ్ళమిట్ట బుల్లెమ్మ చేనులోదండి. మందు లేదు కాబట్టే మన పురుగు చచ్చింది. మన పురుగులకి మందు లేకపోతే బతుకు లేదండి. రత్నం గారికి తెలుసు.”

అందరూ రత్నం గారి వంక చూశారు. ఆయన తన కాలి వంక చూసుకున్నారు. కట్టు కట్టి ఉంది.

“పిచ్చి మాటలు! సత్యా, పిల్లని ఇటియ్యి,” అన్నారు అచ్చియ్యమ్మ గారు.

నేను పళ్ళెం వదల్లేదు. కానీ ముద్ద ఎత్తడానికి చెయ్యి రాలేదు. ఇన్నేళ్ళు పురుగు చెప్పిందే చేశాను. ఎదురుగా చచ్చిన పురుగు ఉంటే చెయ్యి దానంతట అదే ఆగిపోతుంది. నేను చెప్పింది నిజమని నాకు తెలుసు, అయినా ఆగిపోయింది. సత్యవేణి వంక చూశాను.

“నువ్వు చెప్పు,” అన్నాను.

సత్యవేణి అత్తగారికి పాపను ఇవ్వలేదు. రెండు చేతులా ఎత్తి నా వైపు వంచింది. “పెట్టన్నయ్యా,” అంది.

పురుగును తీసి పక్కన పెట్టాను. పండూ అన్నమూ కలిపి వేలి చివర తీసుకుని పాప నోట్లో పెట్టాను. హిమజ కళ్ళు పెద్దవి చేసింది. రుచి చూసింది. ఆ తరవాత తన కొత్త పై పన్నుతో నా చూపుడువేలిని కింది చిగురుకు అదిమి పట్టి కొరికింది.

“అబ్బా!” అని అరిచాను.

కేకలు, గొణుగుళ్ళు, అన్నీ ఆగిపోయాయి. ఆ హాల్లో ఒక పెద్దవాడు నొప్పితో అరవడం ఎవరూ విని ఎన్నాళ్ళయిందో. నాకే ఆ గొంతు కొత్తగా వినిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాప వదలకుండా నవ్వుతోంది.

ముందు పక్కింటి ఆవిడ వచ్చింది. “ఏదీ, చూడనివ్వండి,” అంది. వేలి మీద చిన్న గంటు ఉంది. “నిజంగానే నొప్పెట్టిందా?” అని ఇంకెవరో అడిగారు. “ఎలా ఉంటాదండీ? మంటలాగానా?” వాళ్ళు నన్ను నమ్మారో లేదో తెలియదు. కానీ ఒక్కొక్కరూ వచ్చి, వేలు తిప్పి చూసి, జవాబు చెప్పేదాకా కదల్లేదు. మంటలాగా కాదు, ముందు చురుక్కుమని, తరవాత లోపల్నుంచి లాగుతుందని చెప్పాను. రత్నం గారు అందరికంటే వెనక నిలబడి విన్నారు.

అచ్చియ్యమ్మ గారు అప్పటిదాకా నా మాట వింటూ నిలబడే ఉన్నారు. గుంపు కాస్త పలచబడ్డాక పాప ముందు కూర్చుని, తన వేలు దాని నోటికి అందించారు. హిమజ ఆ వేలినీ కొరికింది. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. పాప విసుగొచ్చి వదిలేసింది. ఆవిడ వేలు తీసి చూసుకున్నారు. పంటి గుర్తు లోతుగా దిగి ఉంది, సన్నగా రక్తం ఊరుతోంది.

“నాకేం తెలీలేదు,” అన్నారు, ఎవరితోనూ కాదు.

ఆ తరవాత పళ్ళెం తన ముందుకు జరుపుకుని, మిగిలిన చక్కెరకేళి ముక్క తీసుకుని తినడం మొదలుపెట్టారు.